కోటుకు తగిలించిన పేరు

చక్కెర డబ్బాలో తడి చెంచా పెట్టిందెవరన్న దాని మీద ఆ రోజు మా ఇంట్లో పొద్దున్నే పంచాయితీ మొదలైంది. అత్తగారు డబ్బా మూత తీసి, గడ్డకట్టిన చక్కెరను ఒక్కొక్కరి ముక్కు కిందా పెట్టి చూపించారు.

"చెంచా దానంతటది నడిచి రాదు. ఎవరి చెయ్యో వాళ్ళే ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది."

"అందరినీ వదిలేసి నా వైపే చూస్తావేంటమ్మా? నేను టీలో చక్కెరే వేసుకోవడం లేదు," అన్నాడు మా మరిది.

"వేసుకోనివాడివి డబ్బా చుట్టూ ప్రదక్షిణాలెందుకురా?"

"నిన్న రెండు చెంచాలు వేసుకున్నారత్తయ్యా. నేను చూశాను," అంది నా తోడికోడలు, తల దువ్వుకుంటూనే.

"కట్టుకున్న మొగుణ్ణి పట్టిస్తావా?"

"మొగుడు నా ఒక్కదాని సొత్తు. చక్కెర ఉమ్మడి ఆస్తి."

అత్తగారు నవ్వు ఆపుకోలేక మూత గట్టిగా బిగించేశారు. మావారు మాత్రం నవ్వలేదు. అట్టపెట్టె ఒకటి తెచ్చి, కాఫీ గ్లాసులు పక్కకు జరిపి బల్ల మీద పెట్టారు.

"మీ చక్కెర సంగతి తర్వాత తేల్చుకుందురుగాని. ఆదివారంలోగా తేలాల్సింది ఇది."

మాది పళ్ళు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ. పెద్దది కాదు. మూడు చల్లగదులు, పళ్ళు ఏరే బెల్టు, ముందు ఒక చిన్న ఆఫీసు. ఆఫీసు పని, బయట తిరుగుడు మావారివి. లారీ మరిదిది. గదుల పని నా తోడికోడలిది. రోజుకు నాలుగైదుసార్లు ఒంటరిగా లోపలికి వెళ్ళి, చలి ఎంత ఉందో, ఏ వరసలో కాయ మెత్తబడుతోందో చూసి వస్తుంది. తలుపు తీయగానే వాసన పట్టి, ఏ మూల క్రేటు చెడిందో చెప్పేస్తుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకు ఈ విద్య ఉందని ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా.

రెండు నెలల క్రితం ఆమె మూడో గదిలో పడిపోయింది. చల్లగాలి ఫ్యాన్ల కింద నీటిచుక్క కారి గడ్డకడుతుంది. దాని మీద కాలు జారింది. వెనక వరసల మధ్య పడితే తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా కనబడదు. ఆమె వేసిన కేక ఫ్యాన్ల హోరులో ఆమెకే వినపడలేదట. లేచి, విరిగిన మణికట్టు పట్టుకుని తనే నడిచి వచ్చింది. లేవలేకపోయి ఉంటే అన్న మాట ఎవరం అనలేదు గాని, ఆ రాత్రి మావారికి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కట్టు విప్పేశారు. డాక్టరు పనికి వెళ్ళమన్నారు. మావారు మాత్రం గదిలోకి వెళ్ళనివ్వడం లేదు.

"ఇందులో మూడు రకాలున్నాయి. అమ్మే కుర్రాడు ఆదివారం దాకా చూడమని ఇచ్చి వెళ్ళాడు," అన్నారాయన. "ఆపద వస్తే మనకు కబురు పంపే యంత్రాలు. వీటిలో ఒకటి ఆ గదుల్లో నమ్మకంగా పనిచేస్తే సరే. లేదంటే అమ్మాయ్, నువ్వు ఆఫీసులో కూర్చో. గదులకు ఇంకెవరినైనా పెడతాను."

తోడికోడలు దువ్వెన కింద పెట్టింది. "ఇంకెవరికైనా మణికట్టు విరగదా బావగారూ?"

ఆయన పెట్టె నా వైపు తోశారు. "నువ్వు చూడు. మన ఇంట్లో మందు సీసా మీది చీటీ కూడా చివరిదాకా చదివేది నువ్వొక్కదానివే."

వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆమె అంది: "ఆఫీసులో కూర్చుని ఫోనెత్తడం ఎవరైనా చేస్తారక్కా. ఆ గదుల్లోకి వెళ్ళకపోతే నాకక్కడ పనే లేదు."

యంత్రాలతో వచ్చిన పుస్తకాలు ఆ మధ్యాహ్నమే చదివేశాను. కాగితం మీద మూడూ మంచివే. కానీ కాగితం మీద నడిచే బండి గుంటలో దిగబడదు కదా. మర్నాడు భోజనం క్యారియరు పట్టుకుని నేనూ స్టోరేజీకి వెళ్ళాను.

మొదటిది మెడలో వేసుకునేది. తాడుకు ఒక బటను, నొక్కితే చాలు. బాగుందనుకున్నాను. అయితే చల్లగదులకు వెళ్ళాలంటే బెల్టు పక్కనుంచి వెళ్ళాలి. తిరిగే బెల్టులో చిక్కుకోకుండా మెడలో ఏదీ వేలాడకూడదన్నది అక్కడి మొదటి నియమం. గుమ్మం దగ్గరే ఒక మేకుల వరస ఉంది. గొలుసులు, చున్నీలు, తాళంచెవుల తాళ్ళు అన్నీ దానికి తగిలించి లోపలికి వెళ్తారు. నేను గమనిస్తూనే ఉన్నాను, తోడికోడలు అలవాటు కొద్దీ ఆ బటను తాడు కూడా తీసి మేకుకు తగిలించి వెళ్ళిపోయింది. ప్రాణం కాపాడాల్సిన వస్తువు గుమ్మంలో చున్నీల మధ్య వేలాడుతోంది. దాన్ని పెట్టెలో పెట్టేశాను.

రెండోది ఫోనులో వేసుకునే యాప్. మందపాటి చేతితొడుగులతో తెర ఎంత గీకినా పలకలేదు. తొడుగు తీసి నొక్కుదామంటే ఆ ఉక్కు గోడల మధ్య సిగ్నలే లేదు.

మూడోది అగ్గిపెట్టంత బిళ్ళ, బట్టకు క్లిప్పుతో తగిలించుకోవాలి, తీసేస్తే ఆగిపోతుంది. ఎర్ర బటను ఉంది. అది నొక్కలేకపోయినా సరే, తగిలించుకున్న మనిషి కాసేపు కదలకపోతే తనే కూస్తుంది. అప్పటికీ కదలకపోతే ఆఫీసు బల్ల మీద పెట్టే గంట పెట్టె మోగి, ఎవరు ఆపదలో ఉన్నారో పేరు చూపిస్తుంది. మావారి ఫోనుకూ అదే కబురు వస్తుంది. సిగ్నలు కోసం అమ్మే కుర్రాడు ప్రతి గదిలోనూ ఒక చిన్న డబ్బా బిగించి పెట్టాడు. అలాంటి బిళ్ళలు మూడు ఇచ్చి, ఒక్కోదానికి ఒక పేరు రాయమన్నాడు. మావారు మూడు బిళ్ళలకు మూడు పేర్లు రాయించారు. ఒకటి తోడికోడలిది, రెండోది లోడింగు కూలీల మేస్త్రీది, మూడోది ఆయన జతగాడిది. ఆ మేస్త్రీని అందరూ 'మెల్లిగా మామ' అంటారు. క్రేట్లు దించేటప్పుడు "మెల్లిగా, మెల్లిగా" అని అరవడమే ఆయన సగం పని.

తోడికోడలు బిళ్ళను కోటుకు తగిలించుకుని మూడో గదిలోకి వెళ్ళి బటను నొక్కింది. ఆఫీసులో పెట్టె వెంటనే మోగింది. మావారి మొహం విప్పారింది. ఆమె బయటికి వచ్చి, కోటు విప్పి తలుపు పక్క కొక్కేనికి వేసి, ఆఫీసుకు వచ్చింది. ముగ్గురం టీ తాగుతున్నాం. లారీలో సరుకు దింపేసి మరిది కూడా వచ్చాడు.

పెట్టె మళ్ళీ మోగింది. తెర మీద తోడికోడలి పేరు, కింద 'కదలిక లేదు' అని.

"యంత్రం లెక్కలో నువ్విక లేవే!" అన్నాడు మరిది, పెళ్ళాం చేతిలోంచి బిస్కెట్టు లాక్కుంటూ. "దీనితో నీకేం పని?"

"చచ్చినా నా బిస్కెట్టు వదలరన్నమాట."

మావారు కూడా నవ్వేశారు. "కదలకుండా కూర్చుంటే ఇది ఒప్పుకోదు కాబోలు," అంటూ గంట ఆపే బటను నొక్కారు. పెట్టె మూగబోయింది.

ఆమె ఒంటి మీద బిళ్ళ లేదని అప్పుడు చూశాను.

"నీ బిళ్ళేది?"

"కోటుకుందక్కా."

"కోటేది?"

ఆమె గ్లాసు వదిలేసి లేచింది. అక్కడ కోట్లు ఎవరివీ కావు. ఒకసారి లోపలికి వెళ్ళి వస్తే చెమ్మకు బరువెక్కుతాయి, ఆరబెట్టాలి. అందుకని కొక్కేనికి ఏది పొడిగా ఉంటే అది తొడుక్కుని వెళ్తారు. స్టోరేజీ మొదలైనప్పటి నుంచీ అదే పద్ధతి. కొక్కెం ఖాళీగా ఉంది.

మూడో గది వెనక వరసల మధ్య 'మెల్లిగా మామ' బోర్లించిన క్రేటు మీద కూర్చుని, పిక్క రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. నరం పట్టేసింది, అంతే. లేవలేక కదలకుండా కూర్చున్నాడు. బిళ్ళ కూస్తే ఎవరి ఫోనో అనుకున్నాడట. మరిది ఆయన్ని భుజం మీద వేసుకుని ఆఫీసుకు తెచ్చాడు. వేడి టీ లోపలికి వెళ్ళాక, జరిగిందంతా విని మామ మమ్మల్ని వరసగా చూశాడు.

"అంటే, నేనక్కడ పోతే మీరిక్కడ చిన్నమ్మగారిని చూసుకుని నవ్వుకుంటారన్నమాట. మంచి యంత్రం."

గంట ఆపిన వేలిని మావారు మరో చేత్తో నలుపుకుంటున్నారు. కాసేపటికి అన్నారు: "ఇది కుదిరే పని కాదు. అమ్మాయ్, రేపటినుంచి నువ్వు ఆఫీసులోనే."

తోడికోడలు ఎదురు చెప్పలేదు. అదే నాకు బాధనిపించింది. చక్కెర డబ్బా దగ్గర మాటకు మాట అప్పజెప్పే మనిషి.

సాయంత్రం ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాం. మా మామయ్యగారు స్టోరేజీ పెట్టిన నాటి కోట్ల పద్ధతి మార్చేసి ఎవరి కోటు వాళ్ళకిస్తే సరిపోదా అన్నాను.

"తడి కోటు వేసుకుని ఎవరు వెళ్తారక్కా? రెండు రోజులు వింటారు, మూడో రోజు పొడిది ఏది దొరికితే అది. నేనైనా అంతే."

నిజమే. మంచం పొట్టిదైతే కాళ్ళు నరుక్కోరు, మంచమే మార్చాలి. పుస్తకం మళ్ళీ తెచ్చాను. పేరు రాయాల్సిన చోట ఏ అక్షరాలైనా రాయొచ్చని ఉంది. మనిషి పేరే రాయాలని ఎక్కడా లేదు.

"గంట మోగితే మనకు ముందు కావలసింది ఏమిటి? పడ్డదెవరన్నదా, ఎక్కడన్నదా?" అన్నాను.

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఎక్కడన్నదే. ఎవరో అక్కడికి వెళ్తే తెలుస్తుంది." కాయ పక్కన పెట్టి అంది: "గదుల పేర్లు పెట్టేద్దాం. ఒక్కో గది తలుపుకు ఒక్కో బిళ్ళ. ఎవరు వెళ్ళినా, ఏ కోటు వేసుకున్నా, ఆ తలుపు దగ్గరున్న బిళ్ళ తగిలించుకునే వెళ్ళాలి. బయటికి రాగానే మళ్ళీ అక్కడే పెట్టాలి. బిళ్ళ కనబడకపోతే లోపల మనిషి ఉన్నట్టే."

"ఇద్దరు వెళ్తే?"

"ఇద్దరు వెళ్తే ఒకరికొకరు ఉంటారు కదక్కా. ఒంటరిగా వెళ్ళినప్పుడే కదా బాధ."

మర్నాడు పేర్లు మార్పించాం. మావారు బ్యాంకు పని మీద వెళ్తూ, "ఏదో ఒకటి చేసుకోండి," అన్నారు. మామను రెండో గదిలో కదలకుండా కూర్చోమన్నాం. "ఊరికే కూర్చోమంటే నాకేం కష్టం!" అని వెళ్ళాడు. నేను బెల్టు దగ్గర నిలబడ్డాను, అక్కడికి గంట వినపడుతుందో లేదో చూద్దామని.

వినపడలేదు. బెల్టు రొదలో ఏదీ వినపడలేదు. ఆఫీసులోకి వెళ్ళి చూస్తే పెట్టె 'రెండో గది' అని చూపిస్తూ ఎవరూ లేని గదిలో గొంతు చించుకుంటోంది. పక్కన ల్యాండ్‌లైను కూడా మోగుతోంది. ఎత్తాను.

"ఎక్కడున్నారంతా? ఎంతసేపట్నుంచి చేస్తున్నాను! రెండో గదిలో ఎవరు?" అవతల మావారి గొంతు, వెనక రోడ్డు మీద హారన్లు.

పరీక్షే చేస్తున్నామని చెప్పాను. "పరీక్షని నాకు ముందు చెప్పొద్దూ?" అని పెట్టేశారు.

ఆదివారం మధ్యాహ్నం అందరం కలిసి భోజనానికి కూర్చున్నాం. అత్తగారు వడ్డిస్తున్నారు. మావారు మొదటి ముద్ద తిని, నీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నారు.

"మూడో రకం తీసుకుంటున్నాం. గదుల పేర్లతోనే. ఆలోచన బాగుంది, ఒప్పుకుంటున్నాను."

తోడికోడలు నా వైపు చూసింది.

"కానీ మోగితే వినేవాళ్ళు కావాలి. నేను సగం రోజు బయటే ఉంటాను. పెద్ద గంట పెట్టిద్దామంటే, అందరూ వినేది ఎవరూ పట్టించుకోరు. అందరి పని అంటే ఎవరి పనీ కాదు. ఆ కుర్చీలో ఒక మనిషి కదలకుండా ఉండాలి. మోగగానే ఇద్దర్ని పంపాలి, డాక్టరుకు ఫోను చెయ్యాలి. అందుకే అమ్మాయ్, నువ్వే ఉండాలి. ఇది శిక్షని అనుకోకు."

ఆయన మాటలో తప్పు లేదు. తోడికోడలు కంచంలో అన్నం వేలితో ఒక పక్కకు జరిపింది. మరిది పెళ్ళాం మొహం చూసి, అన్న మొహం చూసి, కూర గిన్నె అందుకున్నాడు.

"ఆ కుర్చీలో నేను కూర్చుంటాను," అన్నాను.

అత్తగారి చేతిలో గరిటె ఆగింది.

"నువ్వా?" అన్నారు మావారు.

"కదలకుండా ఉండాలి, వినాలి, ఫోను చెయ్యాలి అన్నారు కదండీ. ఇందులో నాకు రానిదేముంది?"

"అది కాదు. రోజూ పొద్దున్నుంచి సాయంత్రందాకా ఉండాలి. మరి ఇల్లు?"

"ఇంటికేమైంది, నేనింకా ఉన్నానుగా," అన్నారు అత్తగారు. "నీ తమ్ముడికి కూడా రెండు పనులు నేర్పుతాను."

"నేను వండుతాలే వదినా," అన్నాడు మరిది ఉత్సాహంగా.

"అయితే నేనూ ఆఫీసుకే వస్తాను," అన్నారు అత్తగారు.

మావారు నవ్వు దాచుకోవడానికి తల వంచుకుని చాలాసేపు అన్నం కలిపారు. ఆయన లెక్కలు వేసుకుంటున్నారని నాకు తెలుసు. ఆయన వేసుకోగలిగిన అభ్యంతరాలన్నీ నేను రెండు రోజులుగా వేసుకుని, ఒక్కొక్కటే తీసేసినవే.

"సరే," అన్నారు చివరికి. "బెల్టు దగ్గరివాళ్ళకు నువ్వే చెప్పాలి, మోగితే ఎవరు పరుగెత్తాలో. నీ మాటే వినాలని నేను చెప్తాను."

తోడికోడలు తల ఎత్తింది. "అయితే రేపు పొద్దున్న మూడో గది తెరుస్తాను బావగారూ. ద్రాక్ష క్రేట్ల వరసలు మార్చాలి. ఇప్పటికే ఆలస్యమైంది."

"తెరువు," అన్నారాయన, ఇంకో ముద్ద కలుపుకుంటూ. "ఏ కోటైనా వేసుకో. తలుపు దగ్గర బిళ్ళ మాత్రం మర్చిపోకు."