దిద్దిన వాంగ్మూలాలు

కంపెనీ వకీలు మూడు కాగితాలను విచారణాధికారి బల్లమీద పక్కపక్కన పరిచాడు.

"ముగ్గురూ ఒకే నోటితో మాట్లాడారండీ. ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించినట్టు లేదూ?"

గది మూలన కంప్యూటరు ముందు కూర్చున్న నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఆ నోరు నాదే.

పోయిన నెల రేవులో ఇనుప తాడు తెగి ఒక పెద్ద పెట్టె కిందపడింది. ఎవరికీ దెబ్బ తగలకపోయినా, అందరూ బాబాయ్ అని పిలిచే క్రేన్ డ్రైవర్ని పనిలోంచి ఆపేశారు. తాడు అరిగిందని ఆయన వారం ముందే మేస్త్రీకి చెప్పాడని ముగ్గురు కూలీలు సాక్ష్యమిచ్చారు. విచారణ ఇంగ్లీషులో కాబట్టి, ఓడల వాళ్ల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులోనే రికార్డు చేయించారు. "ఐ సీన్ ద రోప్" అన్నాడు ఒకడు. "హి డన్ టోల్డ్ ద బాస్" అన్నాడు ఇంకొకడు. "వి హ్యావ్ వెంట్ దేర్" అన్నాడు మూడోవాడు.

ఆ రికార్డింగులను కాగితం మీద పెట్టడం నా పని. విన్నది విన్నట్టు టైపు చేయాలన్నది మా ఆఫీసు నియమం. నేను సీన్ ముందు హ్యాడ్ చేర్చాను, వెంట్‌ని గాన్ చేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. అడ్డదిడ్డంగా ఉన్న మాటలన్నీ వరసలో పెట్టాను. మా నాన్నా అలాగే మాట్లాడతాడు. కాలేజీలో మొదటి వారం నేను "ఐ సీన్" అన్నప్పుడు బెంచీలన్నీ నవ్వాయి. ఈ పెద్దవాళ్లను చూసి ఎవరూ నవ్వకూడదనుకున్నాను. వాళ్లేమో, చదువుకున్న పిల్ల రాసిందిలే అని చూడకుండానే సంతకాలు పెట్టేశారు.

"మూడింటికి నిర్ణయం చెబుతాను. వీటిని పక్కన పెట్టాల్సి రావచ్చు" అని విచారణాధికారి లేచాడు.

వరండాలో బాబాయ్ క్యారియర్ మూత తీయకుండా కూర్చుని ఉన్నాడు.

"ఏం తల్లీ, అలా పాలిపోయావు? ఉద్యోగం పోతున్నది నాదా, నీదా?" అని నవ్వాడు.

నా ప్రొబేషన్ ఇంకా పదకొండు రోజులుంది. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఇదే మొదటిది. నోరు మూసుకుంటే నాది నిలుస్తుంది, ఆయనది పోతుంది.

సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"మేడమ్, ఆ కాగితాలు నేను దిద్దాను."

"ఎవరు దిద్దమన్నారు?"

"ఎవరూ అనలేదండీ."

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "లోపలికెళ్లి నువ్వే చెప్పు. నేను చెబితే నిన్ను వెనకేసుకొస్తున్నాననుకుంటారు."

మూడింటికి నిలబడి చెప్పాను. వకీలు నమ్మలేదు. అధికారి రికార్డింగులు పెట్టించాడు. ఒకడు తాడు సంగతి చెబుతూ వాన కబుర్లలోకి వెళ్లిపోయాడు. ఒకడు మేస్త్రీని తిట్టి, ఆ వెంటనే సారీ సార్ అన్నాడు. మూడోవాడు రెండు మాటలకొకసారి దగ్గాడు. వకీలు రాసుకోవడం ఆపేశాడు.

"ఇది ఎవరూ వల్లె వేయించింది కాదు. ఈ గొంతులు చెల్లుతాయి. ఐదింటికల్లా విన్నది విన్నట్టు టైపు చేసి సంతకాలు తీసుకోండి. క్రేన్ ఆయన రేపు పనిలోకి రావచ్చు" అన్నాడు అధికారి. తర్వాత నా వైపు తిరిగాడు. "మీకు మెమో వస్తుంది. ప్రొబేషన్ సంగతి ఇప్పుడే చెప్పలేను."

బయట దగ్గు కూలీ నన్ను నిలేశాడు.

"ఏమ్మా, మమ్మల్ని దొరల్ని చేద్దామనుకున్నావా?"

"అందరూ నవ్వుతారని మావయ్యా..."

"నవ్వితే మేం పడతాం. మమ్మల్నొక మాట అడిగావా?"

అడగలేదు. తల వంచుకుని మళ్లీ టైపు చేశాను. అలవాటు కొద్దీ రెండుసార్లు వేళ్లు హ్యాడ్ మీదికి వెళ్లాయి, చెరిపాను. ఐదింటికి పది నిమిషాలుందనగా దగ్గు కూలీ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"సంతకం తర్వాత. ముందు చదువు."

మొదటి మాట నుంచి చదివాను. సగంలో వేలెత్తి ఆపాడు.

"అక్కడ దగ్గాను. అది రాయలేదేం?"

రాశాను.