తెల్ల చొక్కా మీద స్పార్క్ ప్లగ్గు

నాన్న వదిలి వెళ్లిన పెట్రోలు వ్యానులో పిండిమిల్లు బస్తాలు చేరవేయడమే ఆమె బతుకుతెరువు. నాలుగు రోజులుగా అది నల్లటి పొగ కక్కుతోంది. ఎప్పటినుంచో దాన్ని వదిలించాలని చూస్తున్న అన్నయ్యకు సందు దొరికింది. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాతో, పాత ఇనుము కొనేవాణ్ణి వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

"ఇంజన్ ఆయిల్ తాగేస్తోందే. దీని పనైపోయింది. అమ్మేసి ఇంటిపట్టున ఉండు."

ఆమెకు ఒళ్లు మండింది. స్పానర్ అందుకుని స్పార్క్ ప్లగ్గు ఊడదీసింది. దాని కొన కాటుకలా నల్లగా ఉంది.

"చూశావా? నేను చెప్పలా?" అన్నాడు అన్నయ్య.

"ఆయిల్ తాగితే ప్లగ్గు జిడ్డుగా ఉంటుంది. లోపలికి గాలి చాలకపోతే పొడి మసి పడుతుంది. ఇది పొడి మసి."

"మసిపూసి మారేడుకాయ చెయ్యకే."

"సరే, నీ కళ్లతోనే చూడు," అంటూ ఆమె ప్లగ్గును అతని చొక్కా జేబు మీద రుద్దేసింది.

ఇనుము కొనేవాడు వంగి మరీ చూశాడు. ఉఫ్‌మని ఊదితే మసి పొడిపొడిగా రాలింది. జిడ్డు జాడే లేదు.

ఆమె ఎయిర్ ఫిల్టర్ తీసి గోడకేసి కొట్టింది. గుప్పున పిండి లేచింది. ప్లగ్గు తుడిచి, అన్నీ బిగించి, తాళం తిప్పింది. కాసేపు దగ్గి, పొగ మానేసి వ్యాను హాయిగా గుర్రుమంది.

"నా చొక్కా పాడుచేశావు కదే!" అని అరిచాడు అన్నయ్య.

ఆమె గేరు వేసింది. "అడ్డు తప్పుకో అన్నయ్యా. పాడైంది నీ చొక్కా, నా ఇంజన్ కాదు."