మ్యూట్‌లో పడ్డ అవ్వ

నేను ఒక జత చెవులూ ఒక నోరూ ఉండి, తల మాత్రం లేని ప్రాణిని. తల కావాలంటే ఎవరిదో ఒకరిది అరువు తెచ్చుకోవాలి. జనం నన్ను హెడ్‌ఫోను అంటారు. నన్ను చేసిన ఫ్యాక్టరీలో మాకు ఒకటే పరీక్ష: అవతలి మాటను ఉన్నదున్నట్టు వినిపించాలి. వినిపించనివాటిని అక్కడికక్కడే చెత్తబుట్టలో పడేశారు. మనుషులకూ అదే పరీక్ష పెడితే బుట్టలు చాలవు.

కరీంనగర్‌లో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో దుమ్ము కొట్టుకుపోతున్న నాకు కరోనా వచ్చి గిరాకీ తెచ్చింది. బడులకు తాళాలు పడ్డాయి, పాఠాలు ఫోన్లలోకి ఎక్కాయి. అప్పుడు నన్ను కొన్నది స్వరూప టీచరు. ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి తెలుగు చెబుతుంది. ఆమె తల మీదికి ఎక్కిన మొదటి రోజే ఆమెకు నోళ్లు రెండని నాకు తెలిసిపోయింది. క్లాసుకు ముందు ఊరి నుంచి తల్లి ఫోను చేసేది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న అవ్వా. నువ్వు బీపీ గోలీలు ఏస్కున్నవా?"

ఈ మాటలు పక్కవాటా వాళ్లకు వినపడకుండా ముందే తలుపు వేసుకునేది. బీడీలు చుట్టి కూతుర్ని టీచరును చేసిన ఆ తల్లి, తలుపు చాటున మాత్రమే అవ్వ. ఫోను పెట్టేశాక గొంతు సవరించుకుని, "గుడ్ మార్నింగ్ పిల్లలూ, అందరూ వచ్చేశారా?" అని వార్తలు చదివే అమ్మాయిలా మొదలుపెట్టేది.

ఇంతలో బడి కరస్పాండెంటుకు టీచర్ల ఎదుగుదల మీద బెంగ పుట్టింది. ఆన్‌లైన్ శిక్షణ పెట్టించాడు. దాని పేరు 'పిల్లల సంస్కృతికి తగిన బోధన'. హైదరాబాదు నుంచి నీరజాక్షి మేడం చెప్పింది. "పిల్లల ఇంటి భాషే మన తరగతికి గడప. దాన్ని గౌరవించండి." మంచి మాటే, కాదనను. కానీ వినేదెవరు? కెమెరాలన్నీ చీకటి. మ్యూట్ చేయడం మరిచిన ఒకాయన బండివాడితో బీరకాయలు బేరమాడుతున్నాడు. స్వరూప నన్ను మెడలో వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరింది. చివర్లో అందరూ 'వండర్‌ఫుల్ సెషన్ మేడం' అని రాశారు, ఆమె కూడా రాసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, ఇక్కడ చెవిటివాళ్లు చప్పట్లు కూడా కొట్టారు.

సర్టిఫికెట్టు కావాలంటే ఒక క్లాసు రికార్డు చేసి పంపాలట. స్వరూప మంచి చీర కట్టుకుని 'మా అమ్మ' అనే పాఠం ఎంచుకుంది. పిల్లలను ఒక్కొక్కరినీ తల్లి గురించి చెప్పమంది. సహస్ర అనే పిల్ల వంతు వచ్చింది. పక్క పల్లె పిల్ల, తల్లి ఫోనులో పాఠాలు వినేది. వెనక తల్లి బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉంది.

"మా అవ్వ పొద్దుగాల లేత్తది. బీడీలు చేత్తది. నాకు జడలు ఏత్తది."

"అవ్వ కాదు నాన్నా, అమ్మ. అవ్వ అంటే ముసలమ్మ. మళ్లీ చెప్పు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. కత్తెర చప్పుడు ఆగిపోయింది. "అమ్మ అనవే. మేడం చెప్పినట్టే అను," అని తల్లి మెల్లగా బతిమాలడం విన్నాను. పిల్ల మైకు ఆపేసుకుంది. మర్నాటి నుంచి క్లాసుకే రాలేదు.

కొన్నాళ్లు చూసి, "ఆ పిల్ల రాకపోతే పేరు కొట్టేద్దాం," అన్నాడు కరస్పాండెంటు. "సరే సార్," అంది స్వరూప. నాకు ఒళ్లు మండింది. పొద్దున్నే ఎవరిని ఏమని పిలిచిందో ఆ నోటికి గుర్తులేదా? ఆ మాట మోసింది నా తీగలే కదా.

ఇక నీరజాక్షి మేడం సంగతి వినండి. రికార్డింగు చూసి స్వయంగా ఫోను చేసింది. "ఆ పాప భాషను ఎంత ఓపిగ్గా సరిదిద్దారండీ! ఉత్తమ బోధన మీదే." గడపను గౌరవించమన్న మనిషే దాన్ని పెకిలించిన చేతికి బహుమానం ఇచ్చింది. దొందూ దొందే.

స్వరూప పొంగిపోయి తల్లికి ఫోను చేసింది.

"అవ్వా, నాకు సర్టిఫికెట్ అచ్చింది!"

"గట్లనా! ఏం పాఠం చెప్పినవ్ బిడ్డా? నాకు గూడ చెప్పరాదూ, చెవు వెట్టి ఇంట."

"లైన్ కట్టయితాంది అవ్వా," అని స్వరూప పెట్టేసింది. అబద్ధం. ముసలామె గొంతు నాలో గంటలా మోగుతోంది. జవాబు చేతగాక తప్పు నా మీదికి నెట్టింది.

తర్వాత సహస్ర ఇంటికి ఫోను కలిపింది. తల్లి ఎత్తింది.

"ఏం జెప్పాలె మేడం. అవ్వ అంటే తప్పాయె, అమ్మ అంటే దానికి నోరు తిరుగుతలేదు. ఇప్పుడు నన్ను ఏమనీ పిలుత్తలేదు. పని వడితే 'ఇగో' అంటాంది, గంతే."

"బిడ్డకియ్యి ఫోను," అంది స్వరూప. అది తలుపు చాటు నోరు, నేను వెంటనే గుర్తుపట్టాను.

"సహస్రా, మా అవ్వ గూడ బీడీలు చేసింది."

"మీ ముసలమ్మనా మేడం?"

ఆన్‌లైన్ పాఠాలు పిల్లల బుర్రకు ఎక్కవని ఎవరన్నారు?

"కాదు బిడ్డా. నన్ను కన్నామె. నేను గూడ అవ్వా అనే పిలుత్త."

"అయితే మీది గూడ తప్పే."

"అవ్వ తప్పు కాదు బిడ్డా. నేను చెప్పిందే తప్పు. రేపు అందరి ముందట చెప్త, నువ్వు రా."

ఆ పిల్ల గొంతు ఫోనుకు దూరంగా వినిపించింది. "అవ్వా! ఇగ వట్టు ఫోను."

కత్తెర మళ్లీ ఆడింది. నేను పుట్టింది ఆ చప్పుడు వినడానికేనేమో అనిపించింది.

మర్నాడు స్వరూప అన్నట్టే చెప్పింది. కాకపోతే గొంతు సగమే లేచింది. ఆ రోజు క్లాసు రికార్డింగు మాత్రం ఎవరికీ పంపలేదు.

బడి తెరిచారు. నాకు ఒక చెవి పోయింది. స్టాఫ్‌రూములో ఆమె బల్ల సొరుగులో పనికిరాని చార్జర్ల మధ్య పడి ఉన్నాను. పైన గోడకు సర్టిఫికెట్టు అద్దం కట్టించుకుని వెలిగిపోతోంది. నిన్న సహస్ర తల్లి బడికి వచ్చింది. "సహస్రా, మీ అవ్వ అచ్చింది సూడు!" అని స్వరూప వరండాలోంచి కేకేసింది. మిగిలిన ఒక్క చెవితో విని మురిసిపోయాను. అంతలో కరస్పాండెంటు బూట్ల చప్పుడు.

"ఎవరావిడ?"

"ఆ పాప మదర్ సార్," అంది స్వరూప, టక్కున వార్తల గొంతులోకి మారిపోయి.

"మా అవ్వ సార్," అంది సహస్ర.