నికెలుకు తోడు

మరియను వాడని వడపోత గుడ్డలో చుట్టి కార్ఖానా వాకిట్లో పడుకోబెట్టారు. ఒక చెయ్యి బయటే ఉండిపోయింది, మోచేతి దాకా కాలి. సాలవ్వ దాన్ని తన కొంగుతో కప్పింది.

అది పల్లినూనెను నెయ్యిలా పేరబెట్టే కార్ఖానా. కాగులో నూనె, దానిలోకి గ్యాసు, నికెలు పొడి. ఆ పొడిలో సాలవ్వ చిటికెడు తెల్లభస్మం కలిపేది. కలపకపోతే కొంత నూనె నూనెగానే మిగిలేది, కొంత మైనంలా బిగుసుకునేది. పాలకు వేసినట్టే ఉందని ఆడవాళ్లు దాన్ని ‘తోడు’ అన్నారు. మేనేజరూ ఆ మాటే పట్టుకున్నాడు.

వడపోసిన గుడ్డకు అంటిన నికెలు ఆరిందంటే దానంతటదే మండుతుంది. అందుకే గుడ్డల్ని తొట్టిలో నానేసేవాళ్లు. 1941 ఎండాకాలం కామారెడ్డి బావులు అడుగంటాయి. మేనేజరు తొట్టి బందు పెట్టించి, గుడ్డల్ని తీగల మీద ఆరెయ్యమన్నాడు. “వద్దు సారూ, కాలుతది” అని సాలవ్వ మూడుసార్లు మొత్తుకుంది. నాలుగోనాడు మరియ కాలింది.

ఎల్లారెడ్డి నుంచి పోలీసు అమీను కాగితంతో దిగాడు.

“చుట్ట తాగి అంటిచ్చుకున్నదని రాసిన. అందరు వేలిముద్రలెయ్యండి. అప్పుడే శవమిస్త.”

“చుట్టనా!” కూలీల్లోంచి ఈరవ్వ లేచింది. “దానికి పొగంటెనే పడదు. నా పొయ్యి కాడ కూసుంటెనే దగ్గుతుండె.”

“మూయి! నీకేం ఎరుకనే?”

“గుడ్డలు ఎవలు ఆరెయ్యమన్నరో ఎరుకే.”

లోపల కాగు మరుగుతోంది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. “సాలవ్వా, ముందుగాల పోయి తోడెయ్యి.”

“కాగితం చింపు. పిల్లనియ్యి. అప్పుడేస్త.”

అమీను సైగ చేశాడు. జవాన్లు ఆమె చేతులు కట్టేశారు.

“ఇది కాకుంటె ఇంకోతి!” అని మేనేజరు కూలీల వైపు తిరిగాడు. “ఈరవ్వా?”

“నాకు రాదు సారూ.”

“హన్మండ్లూ?”

“పీపాలు దొర్లిచ్చెటోన్ని, నాకేడొస్తది?”

సాలవ్వ తల వంచుకుంది. ఆ చిటికె కొలత వాళ్లందరికీ తనే నేర్పింది.

చివరికి మేనేజరు మరియ మొగుడి భుజం మీద చెయ్యేశాడు. “స్వామిదాసూ, ముద్రెయ్యి, తోడెయ్యి. నీ పెండ్లాన్ని ఇప్పుడే తీస్కపో.”

సాలవ్వ కట్టేసిన చేతులతోనే ముందుకొచ్చింది. “వెయ్యి తమ్మీ. ఎండల పడి ఉన్నది. మట్టి చెయ్యి పిల్లను.”

స్వామిదాసు మరియ పక్కన కూలబడ్డాడు. కొంగు కింది చేతిని తడిమాడు.

“నాకు రాదక్కా.”

జవాన్లు తనను ఎల్లారెడ్డి బాట పట్టించాక సాలవ్వ ఒక్కసారి వెనక్కి చూసింది. మరియ చుట్టూ నలభైమంది కూర్చున్నారు. అందరి పిడికిళ్లూ మూసి ఉన్నాయి, బొటనవేళ్లు లోపలికి మడిచి. కార్ఖానాలో కాగు మరుగుతూనే ఉంది, తోడు లేక.