గాలిమోటారు బీడు మీద మిరపకాయలు

"సదరు భూమి ఖాళీగా ఉన్నది. ఎవరి అనుభవంలోనూ లేదు."

తాసిల్దారు ఆఫీసు వరండాలో గుమస్తా ఆ పంచనామా చదివి వినిపిస్తుంటే నేను అక్కడే ఉన్నాను. నా వెనక మా పల్లె వాళ్ళు నలభై మంది నిలబడ్డారు. అందరూ మిరపకాయల పని మధ్యలో వచ్చినవాళ్ళే. అవే చేతులతో మొహం తుడుచుకుంటూ తుమ్ముతున్నారు. అంతమంది ఎదురుగా తుమ్ముతుంటే, ఆ భూమి ఎవరిదీ కాదని చదివాడు మహానుభావుడు.

"కింద ఏలిముద్రలు ఎవరియ్యండీ?" అని అడిగాడు మా కూలి సంఘం జక్రయ్య.

"మీయే."

నిజమే, మావే. వాటి పైన ఒక సంతకం కూడా ఉంది. మార్కు, ఉపాధ్యాయుడు. అది నేను. మిషన్ బళ్ళో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆ తప్పు చేసినవాళ్ళలో చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఈ కథ చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

దర్శి నుంచి అద్దంకి పోయే దారిలో మా తూర్పుపాలేన్ని ఆనుకుని ఉంటుంది గాలిమోటారు బీడు. విమానాన్ని మా పెద్దలు అలా అనేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం నాడు తెల్లదొరలు మా తాతల జొన్నచేలు లాక్కుని, మా తాతల చేతే కంకర మోయించి అక్కడ విమానాలు దిగడానికి రన్‌వే వేయించారు. యుద్ధం అయ్యాక భూమి తిరిగిస్తామన్నారు. యుద్ధం అయింది, దొరలు పోయారు, మనవాళ్ళు గద్దెనెక్కారు. భూమి మాత్రం రాలేదు. రెండేళ్ళు దిగిన విమానాలు కూడా మళ్ళీ రాలేదు. తుమ్మచెట్లు మొలిచి ఆ బీడు అడవైంది. మా అమ్మలు ఆ తుమ్మలు నరికి, పగుళ్ళలో గడ్డి పీకి, రన్‌వే గచ్చుని మిరప కల్లం చేసుకున్నారు.

మిరపకాయ కోస్తే పంట చేతికొచ్చినట్టు కాదు. పది పన్నెండు రోజులు ఆరాలి. మట్టినేల మీద ఆరబోస్తే చెమ్మ తగిలి బూజు పడుతుంది, రంగు పోతుంది. భూములున్న ఆసాములకి సొంత కల్లాలున్నాయి. మేం కౌలుకి చేసేవాళ్ళం. నూట ఇరవై గడపల్లో ఒక్కరికీ సెంటు జాగా లేదు. అందుకే గచ్చు పలకలు పంచుకున్నాం. ఇది ఎలీసమ్మ పలక, ఇది సిలార్ పలక అని నోటిమాటే. ఎవరూ గీత గీయలేదు, ఎవరూ తగువు పడలేదు.

మరి తప్పెక్కడ జరిగింది? డెబ్భై ఏడు తుపానుకి మా పల్లె మునిగినప్పుడు ఆ గచ్చు మీద హెలికాప్టర్ దిగి అన్నం పొట్లాలు ఇచ్చింది. అప్పట్నుంచీ మాకో మర్యాద అలవాటైంది. హెలికాప్టర్ వస్తోందంటే చాలు, కాయలన్నీ ఎత్తేసి, గచ్చు ఊడ్చి, నీళ్ళు చల్లి పెడతాం. దిగేది ఎవరని అడగం.

2007 ఫిబ్రవరిలో సర్పంచ్ యలమందయ్య గారు పల్లెలోకి వచ్చాడు. మాకు కౌలుకి పొలాలిచ్చే ఆసామి కూడా ఆయనే. "ఎల్లుండి పెద్దాఫీసర్లు హెలికాప్టర్లో దిగుతున్నారు. కాయలు ఎత్తెయ్యండి, ఫ్యాను గాలికి ఎగిరిపోతయ్," అన్నాడు.

ఒక్క పూటలో ఎత్తేశాం. ఎలీసమ్మ అత్త మూడుసార్లు ఊడ్చింది. "అన్నం పెట్టిన మోటారురా, దుమ్ములో దిగగూడదు," అంది. నేను సున్నంతో పెద్ద గుండ్రం గీసి మధ్యలో హెచ్ అక్షరం రాశాను. ఆఫీసర్లు దిగారు, నాలుగువైపులా ఫొటోలు తీసుకున్నారు. వెళ్ళబోయే ముందు ఒక కాగితం చాపారు. "మేం వచ్చినట్టు సాక్ష్యం, అంతే," అన్నారు. హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నాయి, కాగితం రెపరెపలాడుతోంది, తొందరపెట్టారు. అయినా చదవొచ్చు. చదవకుండానే నేను సంతకం పెట్టాను, మిగతావాళ్ళు ఏలిముద్రలేశారు. ఒక ఆఫీసర్ నా అక్షరం చూసి భుజం తట్టాడు, నాకు ఆ మెప్పు చాలింది. ఇది చదివే విద్యార్థులారా, నన్ను తిట్టుకోండి, పర్వాలేదు. మీరు మాత్రం చదవకుండా సంతకం పెట్టకండి.

గుమస్తా చదివిన పంచనామా ఆ కాగితమే. దాన్ని చూపించి బీడుని పైలట్ల శిక్షణ కంపెనీకి ఇచ్చేశారు. మార్చి ఆఖర్లో శంకుస్థాపన అన్నారు. మళ్ళీ హెలికాప్టర్. మళ్ళీ కాయలు ఎత్తమని కబురు.

ముందురోజు సాయంత్రం చర్చి ముందు అందరం కూర్చున్నాం. "ఈసారి ఎత్తం," అన్నాడు జక్రయ్య.

"ఎత్తకపోతే కాయ గాలికి పోద్ది గదరా," అంది ఎలీసమ్మ.

"ఎత్తితే బీడే పోద్ది అత్తా!"

"అన్నం పెట్టినదానికి అడ్డం కూచోమంటావా? నీ అమ్మ ఆ పొట్లం తినే బతికింది. నిన్ను కడుపులో పెట్టుకుని తినింది."

సగం మంది ఆమె వైపే తలలూపారు. సరిగ్గా అప్పుడే యలమందయ్య బండి దిగాడు.

"ఎందుకే ఈ గొడవ? నా కల్లంలో ఆరబోసుకోండి, నేను కాదన్నానా? మా కాయ ఏరడానికి మీ ఆడోళ్ళు వస్తే చాలు. కూలీ గీలీ అనకుండా."

ఎలీసమ్మ లేచి నిలబడింది. "అయ్యా, మా అమ్మ మీ నాయన కల్లంలో ఇరవయ్యేళ్ళు ఊరికే కాయ ఏరింది. గచ్చు బాగుచేసుకున్నాకే మానింది. నా కూతురు రెబ్కాని మళ్ళీ పంపమంటారా?"

"పంపకపోతే యాడ ఆరబోస్తారో నేనూ చూస్తా," అని ఆయన బండెక్కాడు.

"ఒరేయ్ జక్రయ్యా," అంది ఎలీసమ్మ, "తెల్లారేసరికి కాయంతా గచ్చు మీద ఉండాల."

ఉంది. ఇళ్ళల్లో దాచిన కాయ కూడా తెచ్చి పరిచాం. మైలు పొడుగున రన్‌వే అంతా ఎర్రగా పరుచుకుంది. మేం వరసల మధ్య కూర్చున్నాం. పదిగంటలకి హెలికాప్టర్ వచ్చి రెండు చుట్లు తిరిగి, దిగకుండా వెళ్ళిపోయింది. ఎలీసమ్మ దానికి దణ్ణం పెట్టింది. మిగతావాళ్ళం గొంతులు చించుకుని అరిచాం. మా సంబరం అంతసేపే.

పోలీసులు కాయల మీద నుంచే నడిచొచ్చారు. బూట్ల కింద కాయ చితికి ఘాటు లేస్తే వాళ్ళూ దగ్గారు. దగ్గుతూనే కొట్టారు. ఇరవై ఒక్కమందిని వ్యాన్లో కుక్కి స్టేషన్ వరండాలో కూర్చోబెట్టారు. బీడు చుట్టూ కంపెనీ ముందే ముళ్ళకంచె వేసి ఉంచింది. అంతవరకూ తెరిచున్న దాని గేటుకి తాళం పడింది. మా కాయ లోపల ఉండిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి పడమట మబ్బు పట్టింది. తడిస్తే ఏడాది కష్టం నల్లబడి కుళ్ళిపోతుంది. ఎలీసమ్మ ఎస్సై ముందు కొంగు పట్టింది.

"అయ్యా, ఒక్క గంట వదులు. కాయ మీద టార్పాలిన్ పట్టాలు కప్పి మళ్ళీ వచ్చి ఇక్కడే కూచుంటాం. పిల్లల మీద ఒట్టు."

"గేటు తాళం నా దగ్గర లేదమ్మా. కంపెనీవాళ్ళ దగ్గరుంది."

"అయితే వాళ్ళకి ఫోన్ చెయ్యి బాబూ."

ఆయన చెయ్యలేదు. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఇరవై ఒక్కమందిమి వరండాలో కూర్చుని వానకేసి చూస్తూ ఉండిపోయాం. జక్రయ్య మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. నా జీవితంలో అంత చేతకానితనం ఎప్పుడూ ఎరగను. ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు.

అయిదింటికి వ్యాన్ మళ్ళీ వచ్చింది. రెబ్కా దిగింది, ఆమె వెనక ముప్ఫై మంది ఆడవాళ్ళు దిగారు. అందరూ తడిసి ముద్దయ్యారు. చేతులు ముళ్ళతీగకి చీరుకుపోయి ఉన్నాయి. ఆ గాట్లలో మిరప మంట ఎలా ఉంటుందో మిరప కూలీలకి తెలుసు.

"కంచె కోశాం అమ్మా," అంది రెబ్కా.

"ఎంత కప్పారు?"

"పదకొండు పలకలు. మిగతాదంతా నీళ్ళల్లో పోయింది."

"ఎవరియ్యి కప్పారే?"

"చూళ్ళేదు. అందినయ్యి కప్పాం."

ఎలీసమ్మ కూతురి చేతులు తన ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అంతవరకూ ఆమె ఏడవలేదు. ఎస్సై విసుగ్గా రిజిస్టర్ తిప్పాడు. "ఇంకెంతమంది ఉన్నారే మీరు?"

"వ్యాన్లో చోటు చాల్లేదండీ," అంది రెబ్కా. "మిగతావాళ్ళు నడిచొస్తన్నారు."