చివరి ఫారం

"చంపింది డాక్టరే" అన్నాడు భర్త, పాలు పొంగుతున్నాయని చెప్పినంత మామూలుగా.

అప్పుడు ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. బల్ల చివర నవల తెరిచి, మూసుకుపోకుండా దాని మీద కత్తెర పెట్టి, ఒక్కో చొక్కాకి ఒక్కో పేజీ చొప్పున చదువుకుంటోంది. ఇంకా రెండో అధ్యాయం దాటలేదు. శవం ఇప్పుడే దొరికింది. భర్త తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ వెళ్తూ, పుస్తకం లాక్కుని వెనకనుంచి తెరిచి, చివరి పేజీ చూసి ఆ ముక్క చెప్పి వెళ్లిపోయాడు. ముందుగదిలోంచి అత్తగారి నవ్వు వినబడింది. ఆమె కూడా నవ్వింది. నవ్వి, చొక్కా తిప్పి రెండో చెయ్యి ఇస్త్రీ చేసింది.

ఇది కొత్తగా పుట్టిన సరదా కాదు. పెళ్లైన నెలకి మొదటిసారి అతనిలా చేసినప్పుడు ఇంటినిండా చుట్టాలున్నారు. అందరూ పకపకా నవ్వారు. కొత్తకోడలు మొహం ముడుచుకుంటే ఏం బాగుంటుందని ఆమె కూడా నవ్వింది. అదిగో, అదే ఆమె చేసిన తప్పు. ఆమెకూ అది ముద్దుగానే ఉందనుకున్నారంతా. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లలో ఒకే ఒక్కసారి, "చెప్పకండి, నేనే చదువుకుంటాను" అంది. "చంపినవాడెవడో తెలిస్తే నీకేం పోయిందే?" అన్నాడతను. వెటకారానికి కాదు, పాపం నిజంగానే అర్థంకాక అడిగాడు. ఏం పోయిందో చెప్పడానికి ఆమెకి మాట దొరకలేదు.

పోనీ డబ్బు పోసి కొన్న పుస్తకాలా అంటే, అవీ కావు. ఆమె పనిచేసేది బైండింగ్ షాపులో. ప్రెస్సు నుంచి పెద్ద పెద్ద కాగితాలు అచ్చై వస్తాయి. ఒక్కో కాగితాన్ని పదహారు పేజీలయ్యేలా మడిస్తే అది ఒక ఫారం. ఫారాలన్నీ వరసగా పేర్చి, వెన్ను కుట్టి, జిగురు రాసి, అట్ట వేస్తే పుస్తకం. మడతలూ కుట్లూ ఆడవాళ్లవి. కటింగ్ మిషనూ కుర్చీలూ మగవాళ్లవి. మడుస్తూ మడుస్తూ ఆమె చూపు ఒక వాక్యం మీద ఆగిందంటే చాలు, ఓనరు అంత దూరం నుంచే పసిగట్టేసి, "అవి చదవడానికి కాదమ్మా, మడవడానికి" అనేవాడు.

ఆ షాపులో ఒక ఆనవాయితీ ఉంది. అచ్చు వంకరపోయినవీ సిరా అలుముకున్నవీ ఓ మూల పడేస్తారు. వాటిలోంచి ఏరుకుని, వరస కుదిరితే, ఎవరి పుస్తకం వాళ్లు కుట్టుకోవచ్చు. భోజనాల వేళ మిగతావాళ్లు కాస్త నడుం వాలిస్తే ఆమె ఆ పని చేసుకునేది. చివరి ఫారం మడిచేటప్పుడు మాత్రం తల పక్కకి తిప్పుకునేది. చేతికి అలవాటైన పని, చూడక్కర్లేదు. అంత భద్రంగా చూడకుండా దాచుకున్న ముగింపుని తన చేత్తోనే కుట్టి, ఇంటికి మోసుకొచ్చి, అతని చేతికందే చోట పెట్టేది. ఇన్నేళ్లూ ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు.

హంతకుడెవరో ముందే తెలిసిపోయిన పుస్తకంలో ఇంకేం చదువుతారు? ఆమె హంతకుడి భార్యని చదవడం నేర్చుకుంది. రెండో అధ్యాయంలో డాక్టరు తలెత్తకుండా మంచినీళ్లడుగుతాడు. ఆవిడ తెచ్చిస్తుంది. అతని చొక్కా మీద మరక వదలడం లేదని నాలుగో అధ్యాయంలో ఒక్క మాట అంటుంది. అంతే, మళ్లీ కనబడదు. ఆ మరకని రుద్ది రుద్ది వదిలించిన మనిషిని ఏ డిటెక్టివూ ఒక్క ప్రశ్న అడగడేం? రక్తం తుడిచిన పనిమనిషి ఆ రాత్రి అన్నం తినగలిగిందా? మాయలూ మంత్రాలూ ఉన్న నవలల్లోనూ ఆమెకివే అనుమానాలు. నలభై రోజులు అడవులు పట్టి నడిచిన వీరుడికి ఒక్క గుండీ అయినా ఊడదేమిటి? మూడువందలమంది సైన్యం ఒక చోట దిగితే పొయ్యి రాజేసిందెవరు? ఇవన్నీ ఆ పాడైపోయిన కాగితాల తెల్లవైపు రాసి, వాటినీ ఒక పుస్తకంగా కుట్టుకుని బట్టల అడుగున పెట్టుకుంది.

ఆదివారం ఆడపడుచు వచ్చినప్పుడు అది భర్త కంటపడింది. భోజనాల బల్ల దగ్గర అందరికీ చదివి వినిపించాడు. వీరుడి గుండీ దగ్గరికొచ్చేసరికి అతనికి నవ్వు ఆగక పొలమారింది. ఆమే మంచినీళ్లందించింది. "అయ్యో, మా మరదలికి ఎన్ని దిగుళ్లో" అంది ఆడపడుచు. "వాళ్ల బట్టల సంగతి సరేలే అమ్మా, మన బట్టలు ఆరేశావా?" అంది అత్తగారు. పదమూడేళ్ల కూతురు అందరికంటే గట్టిగా నవ్వింది. ఆమె కూడా నవ్వి, వెళ్లి బట్టలు ఆరేసింది. ఒక్కో తడిబట్టనీ చుక్క నీరు మిగలకుండా మెలిపెట్టి పిండింది. సిగ్గుతోనో కోపంతోనో ఆమెకే తెలియలేదు.

అంతా పోయినా ఆమెకి ఒకటి మిగిలింది. తొమ్మిదేళ్లుగా భాగాలు భాగాలుగా వస్తున్న ఒక మాయలోకపు కథ. అందులో నది దాటించే ముసలమ్మ ఒకతి ఉంటుంది. మొదటి భాగంలో వీరుణ్ణి ఆవలి ఒడ్డుకి చేర్చి, తప్పిపోయిన తన కూతురి కబురు తెమ్మని అడుగుతుంది. తెస్తానంటాడు. ఆ తర్వాత భాగానికి ఒక పేజీలో ముసలమ్మ కనబడితే గొప్ప. ఆమెకి మాత్రం రాజ్యం ఎవరికి దక్కుతుందన్నది పట్టదు. వాడు తిరిగొచ్చి ముసలమ్మకి ఆ కబురు చెప్తాడా లేదా, అదొక్కటే కావాలి. కూతురు నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆ ముసలమ్మ కథే చెప్తూ అన్నం తినిపించేది. "వస్తాడా అమ్మా?" అని పిల్ల అడిగితే, "నాకూ తెలీదే, చూద్దాం" అనేది. భర్తతో ఆ బెడద లేదు. చివరి పేజీలో అతనికి దొరికేది రాజు గారే కదా.

ఆఖరి భాగం ఈమధ్యే కుట్టుకుని తెచ్చింది. రెండురోజులు మురిపెంగా ముట్టుకోకుండా అట్టే పెట్టింది. మూడోరోజు టిఫిన్ల దగ్గర కూతురు ఆ పుస్తకం ఊపుకుంటూ వచ్చి, "అమ్మా, నీ పడవ ముసలమ్మ పోయిందిట. వాడొచ్చేసరికి ఖాళీ పడవే ఉందిట" అంది.

చెప్పి, తల్లి వైపు చూడలేదు. నవ్వుతాడేమోనని తండ్రి మొహంలోకి చూసింది.

తండ్రి నవ్వాడు. "శభాష్, నా కూతురివే" అన్నాడు. ఆమె కూడా నవ్వబోయింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నవ్వు రాలేదు. ఆ రోజు బస్సులో ఆ పేజీ తెరిచి చదివింది. కూతురు చెప్పింది నిజమే. ఒడ్డున పడవ, పడవలో ముసలమ్మ దుప్పటి. ముందే తెలిసిపోవడం వల్ల ఏడుపు రాలేదు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మనిషి పోతే కళ్లు తడవలేదేమిటని అప్పుడు ఏడ్చింది. భర్త ఆనాడు అడిగినదానికి జవాబు ఇన్నేళ్లకి, కిటికీ పక్క సీట్లో దొరికింది. పోయింది ఇదీ.

తర్వాతి వారం షాపుకి కొత్త అపరాధ పరిశోధన నవల వచ్చింది. భోజనాల వేళ మూలనున్న ఫారాలు ఏరి, పేర్చి, కుట్టి అట్ట వేసింది. ఇంటికి తెచ్చి ఎప్పటిలాగే ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. మర్నాడు పొద్దున్న భర్త తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, పుస్తకం వెనకనుంచి తెరిచాడు. ఒక పేజీ చూశాడు. ఇంకోటి వెనక్కి తిప్పాడు. డిటెక్టివు తలుపు మీద చెయ్యి వేసిన చోట వాక్యం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత అట్టే.

"ఇదేంటి, దీనికి చివర లేదు?"

"ఉంది. నా దగ్గరుంది."

"ఏదీ, ఇలా ఇవ్వు."

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపింది. చొక్కా ఇంకా సగమే అయింది. "ఇవ్వను" అంది.

అత్తగారు నవ్వడానికి సిద్ధమై ఆగిపోయింది. అతను పుస్తకం బల్ల మీద పడేసి స్నానానికి వెళ్లాడు. కూతురు మెల్లగా వచ్చి పుస్తకం అందుకుంది. అలవాటుగా వెనకనుంచి తెరవబోయి, ఏమనుకుందో మరి, తిప్పి మొదటి పేజీ తీసింది.

"ఎవరు చంపారమ్మా?"

"నాకూ తెలీదే" అంది ఆమె. "చూద్దాం."