మూతమీది బల్లి

సాయంత్రం అయిదు. ఆగస్టు ఉక్కపోత. అరబ్బు దేశంలోని తుబ్లీ కూలీల క్యాంపు వంటగదిలో నాగేశ్వరి అన్నం వార్చింది. పక్క పొయ్యిమీద బుగన్ చేపలు వేయిస్తోంది. ఆమె ఫిలిప్పీన్స్ కొండల్లోని ఇగొరోట్ తెగ మనిషి.

బల్లమీద బుగన్ చెక్కగిన్నె. ఒకే దుంగని తొలిచి చేసింది, మూతమీద బల్లి చెక్కి ఉంటుంది. వాళ్లకది శుభం. మొదటిరోజు నాగేశ్వరి దాన్ని నిజం బల్లి అనుకుని, అన్నంలో పడిందని గిన్నెడూ పారబోసింది. బుగన్ రెండురోజులు మాట్లాడలేదు.

తిండికి రావలసినవాడు ఎటుంటే ఆ బల్లి అటు తల తిప్పుతుంది. అందరూ వచ్చేస్తే తల నేరుగా పెట్టుకుంటుంది. క్యాంపులో దాన్ని చూసే కంచాలు పెడతారు.

బస్సులోంచి ఆరుగురు దిగారు. నాగేశ్వరి కొడుకు సూరిబాబు దిగలేదు.

"జుఫైర్ల ఓవర్‌టైం అంట పెద్దమ్మా. ఫోర్‌మన్ చెప్పిండు," అన్నాడు ముత్యం.

"జుఫైర్ అటు కదా? బల్లి ఇటు చూస్తోందే!"

బుగన్ గిన్నె తీసి నాగేశ్వరి చేతుల్లో పెట్టింది. అది ఎన్నడూ వంటగది దాటలేదు.

"లియాఖత్ భాయ్, వ్యాన్ తియ్యి," అంది నాగేశ్వరి డ్రైవరుతో.

"కఫీల్ అడిగితే?" యజమాని అంటే అతనికి భయం.

"నా పేరు చెప్పు."

ముత్యం కూడా ఎక్కాడు. మలుపుమలుపుకీ బల్లి తల తిప్పింది. నువైద్రాత్ దగ్గర, కొత్తగా కడుతున్న గోదాం వెనక నీళ్ల ట్యాంకు దగ్గర ఆగారు. లోపల రంగు వేస్తున్నవాళ్లని చూడకుండానే ఎవరో మూత వేసి పోయారు. తెరిస్తే వాసన గుప్పుమంది. ముత్యం మూతికి తడిగుడ్డ కట్టుకుని, తాడుతో దిగి, సూరిబాబుని పైకి అందించాడు. ఊపిరి ఆడుతోంది.

"ఖలాస్, పని అయిపోయింది! యల్లా, పదండి ఆసుపత్రికి!" అన్నాడు లియాఖత్.

బల్లి ఇంకా ట్యాంకువైపే చూస్తోంది.

నాగేశ్వరి ఒళ్లో కొడుకు తల.

"ఇంకొకడున్నాడు. మళ్లీ దిగు."

"లోపల అంత చీకటే పెద్దమ్మా. ఎవ్వల్లేరు. ముందు నీ కొడుకును చూస్కో."

"దిగవా? అయితే తాడు నాకియ్యి."

ముత్యం దిగాడు. రంగు డబ్బాల వెనక ఒక నేపాలీ కుర్రాడు పడి ఉన్నాడు. ఆ పొద్దునే పనిలో చేరాడట. ఏ క్యాంపులోనూ అతని కోసం కంచం పెట్టలేదు.

మూడోరోజు సాయంత్రం వ్యాన్ ఆసుపత్రి నుంచి వచ్చింది. సూరిబాబు, వెనకే ఆ నేపాలీ కుర్రాడు దిగారు. గుమ్మంలో నిలబడి నాగేశ్వరి కంచాలు లెక్కపెడుతూ వేళ్లు ముడిచింది. ముత్యంతో మొదలుపెట్టి ఆరుగురు. సూరిబాబు, ఏడు.

ఆ తర్వాతి వేలి దగ్గర ఆగి కుర్రాడివైపు చూసింది.

"నామ్ క్యా, నాయనా?"

"టేక్ బహదూర్."

"ఎనిమిది," అంది.